గడపకూ కాలువకూ నడుమ చెత్తబుట్ట: ఒడిశా సరిహద్దు పట్టణాల్లో నిబంధనలు వదిలేసిన చోటు

బరంపురం పాతపట్టణంలోని చేనేత వీధుల్లో ఇంటి గోడ ముగిసినచోటే వీధి మొదలవుతుంది. గడప దాటితే అరుగు, అరుగు దిగితే మురుగుకాలువ మీద పరిచిన రాతిపలక, దాన్ని దాటితే రోడ్డు. రెండు పక్కలా పొరుగువారితో ఉమ్మడి గోడలే కాబట్టి పక్కసందు అనేది ఉండదు. వీధి వాకిలి నుంచి పెరట్లోకి వెళ్లాలంటే నట్టింట్లోంచే నడవాలి. ఇలాంటి ఇంట్లో తడి చెత్తకొక బుట్ట, పొడి చెత్తకొక బుట్ట, ప్రమాదకరమైన చెత్తకు వేరుగా మరొకటి ఉంచుకోవాలని చట్టం చెప్పినప్పుడు ఆ ఇంటివారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న, వాటిని ఎక్కడ పెట్టాలన్నదే. ఏ చెత్త ఎందులో వేయాలి, ఎవరికి అప్పగించాలి, అప్పగించకుండా వీధిలో పారేస్తే ఏమవుతుంది అన్న విషయాలన్నీ వివరంగా రాసిన నిబంధనలు, బుట్ట రాత్రీ పగలూ నిలిచి ఉండే చోటు గురించి మాత్రం, ప్రతి ఇంటికీ కొంత ఖాళీ స్థలం ఉంటుందన్న ఊహతోనే సరిపెట్టుకున్నాయి.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాలు 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడేవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. తరతరాలుగా అక్కడ ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలా భాగం పాత బజార్లలోనూ నేతవీధుల్లోనూ కోమటివీధుల్లోనూ ఇరుకు ఇళ్లలోనే ఉన్నాయి. బరంపురంలోనే అంబపువా, గోసాణి నువాగావ్ వంటి కొత్త ప్రాంతాల్లో ప్రహరీగోడ, గేటు ఉన్న ఇళ్లకు, అపార్టుమెంట్లకు ఈ చిక్కు దాదాపు లేదు. గేటు లోపల మూలన రెండు బుట్టలు పెట్టుకుంటే సరిపోతుంది. కాబట్టి ఒకే మునిసిపల్ కార్పొరేషన్ పరిధిలో, ఒకే నిబంధన కింద, ఒక వీధివారికి సులువైన బాధ్యత మరో వీధివారికి రోజువారీ సంకటమవుతోంది. దాన్ని శుభ్రత పట్ల జనానికి శ్రద్ధ లేకపోవడంగా చూపే అలవాటు అధికారుల్లోనూ పత్రికల్లోనూ ఉంది. ఆ నిర్ధారణ చాలావరకు తప్పు. లోపం ఇంటి నిర్మాణంలోనూ బండి వేళలోనూ ఉంది, మనుషుల స్వభావంలో కాదు.

వీధితొట్టె పోయాక

ఇంటి చెత్తకు ఒకప్పుడు వెనుకదారి ఉండేది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలపు పట్టణాల్లో చాలాచోట్ల ఇళ్ల వరుసల వెనుక సన్నని సందులు ఉండేవి. మనుషుల చేత మలం ఎత్తించే అమానుష పద్ధతి కోసం ఏర్పడిన ఆ సందులే పెరటి తుక్కుకూ దారి అయ్యాయి. ఆ పద్ధతిని 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం నిషేధించాయి. అది జరగవలసిందే, నిజానికి ఎంతో ముందు జరగవలసింది. అయితే సెప్టిక్ ట్యాంకులు వచ్చి వెనుకసందుకు పనిలేకుండా పోయాక అవి క్రమంగా మూసుకుపోయాయి, కొన్ని పక్కిళ్లలో కలిసిపోయాయి, కొన్నిటిలో గోడలు లేచాయి. ఇంటికి చివరికి మిగిలింది వీధిగుమ్మమొక్కటే. మంగళహారతి పట్టే గుమ్మమూ, కొత్తకోడలు కుడికాలు పెట్టే గుమ్మమూ, చెత్తబుట్ట బయటికి వెళ్లే గుమ్మమూ ఒకటే అయ్యాయి.

ఆ తర్వాతి కాలమంతా వీధి మలుపులోని సిమెంటుతొట్టె నడిపించింది. ఇంట్లో బుట్ట అన్నది పెద్ద సమస్యే కాదు. వంటింటి మూలన చిన్న డబ్బా ఉండేది, నిండగానే ఎవరో ఒకరు తీసుకెళ్లి తొట్టెలో కుమ్మరించి వచ్చేవారు. తొట్టె పొంగిపొర్లినా, ఆవులూ కుక్కలూ పీకి పోగులు పెట్టినా, ఆ బాధ తొట్టె పక్కింటివారిది. మిగిలిన వీధికి మాత్రం చెత్త ఇంట్లో నిలవ ఉండేది కాదు. అల్మిత్రా పటేల్ 1996లో సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం ఫలితంగా వచ్చిన 2000 నాటి మునిసిపల్ ఘనవ్యర్థాల నిబంధనలు ఇంటింటి సేకరణను కోరాయి గానీ వీధితొట్టెల వ్యవస్థను కొట్టివేయలేదు. 2016 ఏప్రిల్ 8న వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు మురికివాడలతో సహా ప్రతి గడపనుంచీ వేరుచేసిన చెత్తను సేకరించాలన్నాయి. దానికితోడు పట్టణాల శుభ్రతకు కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీ వచ్చింది. తొట్టెలు లేని పట్టణమని చెప్పుకోవడం గౌరవమైంది. మలుపుల్లోని తొట్టెలను తొలగించి, గోడలకు రంగులు వేసి బొమ్మలు గీశారు. చూపుకు ఇది బాగుంది. కానీ తొట్టె చేసిన అసలు పని, అంటే ఇంటినుంచి వెలువడిన చెత్తను బండి వచ్చేదాకా భద్రంగా నిలవ ఉంచడం, ఎవరికి బదిలీ అయిందన్నది ఎవరూ పెద్దగా చర్చించలేదు. అది ప్రతి ఇంటికీ బదిలీ అయింది.

నిలవ అంటే ఏమిటో 2000 నిబంధనలే చక్కగా నిర్వచించాయి: చెత్త చిందకుండా, రోగాలను మోసే క్రిములూ ఈగలూ చేరకుండా, పశువులు మూగకుండా, దుర్వాసన మితిమీరకుండా తాత్కాలికంగా ఉంచడం. ఈ నాలుగు షరతులనూ ఒక్కసారి ఇంటికి అన్వయించి చూస్తే బుట్ట ఎక్కడ ఉండాలన్నదానికి సగం జవాబు దొరుకుతుంది. పశువులు మూగకూడదంటే వీధిలో ఉండకూడదు. దుర్వాసన రాకూడదంటే పడకగదికీ వంటగదికీ దూరంగా ఉండాలి. ఈగలు చేరకూడదంటే బిగుతైన మూత ఉండాలి, తడి చెత్త రోజుదాటి ఉండకూడదు. కోస్తా తేమలో, మే నెల ఉక్కలో, ఈగ గుడ్లు ఒక్కరోజు లోపే పగిలి పురుగులవుతాయి. చేపల పొలుసూ పేగులూ బుట్టలో ఉన్న రోజున అంతసేపు కూడా ఆగనక్కర్లేదు, వాసనే ముందు చెబుతుంది.

పరిమాణం దృష్ట్యా చూస్తే ఇది పెద్ద బరువేమీ కాదు. మన చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు మూడు నాలుగు వందల గ్రాముల చెత్త వస్తుందనుకుంటే, ఐదుగురున్న ఇంట్లో అది ఒకటిన్నర నుంచి రెండు కిలోలు. అందులో సుమారు సగం తడి చెత్త. అలాంటి కుటుంబానికి 15 లీటర్ల డబ్బా ఒకరోజుకు సరిపోతుందని కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగ్ విభాగం తన పాత మార్గదర్శక గ్రంథంలోనే చెప్పింది. అంటే చిక్కు బుట్ట సైజులో లేదు. రెండు కిలోల చెత్త ఇరవై నాలుగు గంటలు ఎక్కడ ఉంటుందన్నదే చిక్కు, బండి రాకపోతే నలభై ఎనిమిది గంటలు ఎక్కడ ఉంటుందన్నది మరీ పెద్ద చిక్కు.

నిబంధనలు ఎవరికి చోటు చూపించాయి

2016 నిబంధనల్లో నాలుగవది చెత్తను పుట్టించేవారి బాధ్యతలను వివరించింది. తడి, పొడి, ఇంటి ప్రమాదకర వ్యర్థాలను మూడు భాగాలుగా వేరుచేసి తగిన బుట్టల్లో ఉంచాలి. స్థానిక సంస్థ చెప్పిన ప్రకారం అధీకృత సేకర్తకు అప్పగించాలి. తన ఆవరణ బయట వీధిలోగానీ బహిరంగ స్థలంలోగానీ కాలువలోగానీ చెరువులోగానీ పారేయకూడదు, తగలబెట్టకూడదు, పాతిపెట్టకూడదు. స్థానిక సంస్థ రాసుకునే ఉపనిబంధనల్లో (బైలాల్లో) నిర్ణయించిన రుసుము చెల్లించాలి. కట్టడాల శిథిలాలనూ తోట చెత్తనూ కూడా సొంత ఆవరణలోనే విడిగా ఉంచుకోవాలి. ఇంత వివరంలోనూ బుట్ట ఎక్కడ నిలవాలన్న నిర్ణయం స్థానిక ఉపనిబంధనలకే మిగిలింది. వాటిలో మామూలుగా కనిపించేది జరిమానాల పట్టికే.

కొలతలతో సహా చోటు చూపించిన సందర్భం ఆ నిబంధనల్లో ఒకటుంది. రెండువందలకు మించిన ఇళ్లుగల సముదాయాలకు, లేదా 5,000 చదరపు మీటర్లకు మించిన స్థలంలో కట్టే కట్టడాలకు, చెత్తను వేరుచేసి నిలవ ఉంచి శుద్ధిచేసేందుకు ప్రత్యేక స్థలాన్ని ప్లానులోనే గుర్తించేలా పట్టణ ప్రణాళికా విభాగం చూడాలన్నాయి. అపార్టుమెంట్లలో గేటు దగ్గరగానీ నిర్ణయించిన మరో చోటగానీ చెత్త తీసుకోవచ్చని కూడా అన్నాయి. అంటే దాదాపు ఆరువేల చదరపు గజాల ఆవరణ ఉన్నవాడికి చట్టం చోటు చూపింది, వీధివైపు పదడుగుల వెడల్పే ఉన్న నేతగాడి ఇంటికి చూపలేదు. కొత్త ఇంటికి ప్లాను మంజూరు చేసేటప్పుడు మెట్లకూ వాననీటి గుంతకూ చోటు అడిగే పట్టణ సంస్థ, రెండు డబ్బాలు పట్టే మూడడుగుల గూడు అడిగితే ఇంటివాడికి అయ్యే ఖర్చు అత్యల్పం. ఆ నియమం ఇన్నాళ్లూ లేకపోవడం వింతే.

2026 జనవరిలో నోటిఫై అయి ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా ప్రకటించిన కొత్త నిబంధనలు మూడు భాగాలను నాలుగు చేశాయి: తడి చెత్త, పొడి చెత్త, శానిటరీ వ్యర్థాలు, ప్రత్యేక జాగ్రత్త అవసరమైన వ్యర్థాలు. చివరిదాంట్లోకి రంగు డబ్బాలు, బల్బులు, కాలం చెల్లిన మందుల వంటివి వస్తాయి. వేరుచేయడం దృష్ట్యా ఇది సరైన అడుగే. ఇంతకుముందు శానిటరీ నాప్‌కిన్లనూ డైపర్లనూ చుట్టి పొడి చెత్తలోనే వేయాలనడం వల్ల, ఆ పొడి చెత్తను చేతులతో ఏరవలసిన స్త్రీలకు కలిగే ఇబ్బంది అంతా ఇంతా కాదు. అయితే నాలుగో బుట్ట ఎక్కడ నిలుస్తుంది? ప్రమాదకర వ్యర్థాలది నెలకోసారి నిండే చిన్న డబ్బా, అటకమీద ఉండిపోవచ్చు. శానిటరీ చెత్త అలా కాదు; అది రోజూ వెళ్లిపోవాలి, వెళ్లేటప్పుడు నలుగురి కంటా పడకూడదని ఇంటి ఆడవాళ్లు కోరుకుంటారు. పెరటి స్నానాలగది నుంచి నట్టింట్లో కూర్చున్న మామగారి ముందునుంచి ఆ డబ్బా వీధిగుమ్మం దాకా ప్రయాణించాలన్న సంగతి నిబంధన రాసినవారికి తట్టి ఉండదు. కాగితంలో చుట్టి, మూతబెట్టి, గుమ్మం దగ్గర స్త్రీ సేకర్తకే ఇచ్చే ఏర్పాటు ఉన్నచోట ఈ భాగం సక్రమంగా నడుస్తుంది. లేనిచోట అది రాత్రివేళ కాలువలోకే పోతుంది.

ఇతర దేశాల స్థానిక సంస్థలు ఈ విషయంలో ఎంత పట్టుదలగా ఉంటాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. అమెరికాలో చాలా పురపాలికలు బుట్టను వీధికి కనిపించకుండా ఇంటి పక్కనో వెనుకనో పెట్టాలనీ, సేకరణకు ముందురోజు సాయంత్రం తర్వాతే బయటికి తేవాలనీ, అదేరోజు లోపలికి తీసుకెళ్లాలనీ శాసిస్తాయి. న్యూయార్క్ నగరం 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ గంటలనే మార్చింది: చెత్తసంచులైతే రాత్రి 8 తర్వాత, బిగుతుమూత డబ్బాలైతే సాయంత్రం 6 తర్వాత బయటపెట్టాలి. డబ్బా వాడేవారికి రెండు గంటల వెసులుబాటు ఇచ్చి డబ్బాకు అలవాటు చేయడం అందులోని తెలివి. ఈ నిబంధనలను ఉన్నవి ఉన్నట్టుగా మన పాత బజార్లకు తెచ్చుకోలేం. అక్కడి ఇంటికి పక్కస్థలం ఉంటుంది, వారానికి ఒకటి రెండుసార్లే బండి వస్తుంది. తెచ్చుకోదగినది ఒక్కటే. ఆ నిబంధనల్లో చోటూ వేళా ఎప్పుడూ జంటగా వస్తాయి. బుట్ట ఎక్కడ ఉండకూడదో చెప్పిన ప్రతిచోటా ఎప్పుడు ఉండవచ్చో కూడా చెబుతారు.

గడప మీద పెట్టలేని బుట్ట

ఇంటింటి సేకరణ అంటే గడప దగ్గర అప్పగించడం. సరిగ్గా ఆ గడపనే ఆచారం శుభ్రంగా ఉంచమంటుంది. తెల్లవారుజామున కల్లాపి చల్లి ముగ్గువేసే వాకిట్లో ఎంగిలి కూడూ కూరగాయల తొక్కలూ ఉన్న డబ్బాను నిలబెట్టడానికి ఇల్లాలికి మనసు ఒప్పదు. ఒడిశాలో ఉన్నందువల్ల ఈ పట్టింపుకు మరో పొర కూడా చేరింది. మార్గశిర మాసపు గురువారాల్లో ఒడియా ఇళ్లలో లక్ష్మీదేవికి మాణబసా పూజ చేస్తారు, గడపనుంచి లోపలిదాకా బియ్యప్పిండితో ఝోటి వేసి అమ్మవారి పాదాలు చిత్రిస్తారు. ఇరుగుపొరుగు ఒడియా కుటుంబాల సహవాసంలో ఎన్నో తెలుగు ఇళ్లలోనూ ఆ గురువారాలను పాటిస్తారు. ఆ వెంటనే ధనుర్మాసపు ముగ్గులు, గొబ్బెమ్మలు. దాదాపు రెండు నెలలపాటు గడపముందు బుట్టకు చోటుండదు. వాస్తు పట్టింపు ఉన్నవారు ఈశాన్య మూలనూ వదిలేయాలి. తూర్పుముఖపు ఇరుకు ఇంట్లో ఆ మూల వీధిగుమ్మం పక్కనే పడుతుంది.

దీపాలు పెట్టాక ఇల్లు ఊడ్చి చెత్త బయట పారేయకూడదన్నది ఇంకొక పట్టింపు. దీన్ని మూఢనమ్మకమని తోసిపుచ్చేవారు ఒక సంగతి గమనించాలి. సాయంత్రం తర్వాత చెత్త బయటికి రాదంటే, రాత్రంతా వీధిలో కుక్కలూ పందులూ పీకడానికి ఏమీ దొరకదు. ఉదయమే వచ్చే బండికి ఈ ఆచారం బాగా కలిసివస్తుంది. పట్టణ సంస్థలు ప్రచారానికి పెట్టే ఖర్చులో కొంత ఇలాంటి ఉన్న అలవాట్లను ఆసరా చేసుకోవడానికి పెడితే, గోడమీది నినాదాలకన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది.

కాలువ పలక ఎవరిది

గడప కుదరదు, నట్టిల్లు కుదరదు, పెరడు దూరం. అందువల్ల బుట్ట సహజంగా చేరే చోటు అరుగు కిందున్న కాలువ పలక. సరిహద్దు పట్టణాల పాత వీధుల్లో ఉదయం పూట నడిచేవారికి వరుసగా పలకల మీద ఆకుపచ్చ, నీలం డబ్బాలూ, పాత రంగుడబ్బాలూ, తీగతో కట్టిన పగిలిన బకెట్లూ కనిపిస్తాయి. (పంచిపెట్టిన కొత్త డబ్బాలు చాలా ఇళ్లలో బియ్యానికీ నీళ్లకీ వాడుకలో ఉన్నాయి. మూత గట్టిగా ఉన్న కొత్త డబ్బాను చెత్తకు వాడటం దండగ అనుకునే ఇల్లాలిని తప్పుపట్టడం కష్టం.)

ఈ పలక చట్టం దృష్టిలో వింత స్థలం. కాలువ పట్టణ సంస్థది. దానిమీది రాయిని ఇంటివాడు తన ఖర్చుతో వేయించుకున్నాడు. ఇంట్లోకి వెళ్లే దారి కాబట్టి దాన్ని తనదనుకుంటాడు; పూడిక తీయవలసివచ్చినప్పుడు సంస్థ తనదంటుంది. 2016 నిబంధన ప్రకారం చూస్తే పలకమీద బుట్ట పెట్టడమూ, పలకమీద చెత్త పోయడమూ వేరువేరు. మూతపెట్టిన బుట్ట నిలవ కిందికి వస్తుంది, విప్పిన సంచీ పారవేత కిందికి వస్తుంది. కానీ ఆవు మూతి తగిలి బుట్ట దొర్లినప్పుడు మొదటిది రెండోదైపోతుంది, జరిమానా వేయడానికి వచ్చిన ఉద్యోగికి తేడా కనిపించదు. ఊరి పశువులను వీధుల్లోకి వదిలేసేది ఒకరు, బుట్ట దొర్లినందుకు తప్పు కట్టేది మరొకరు.

వానాకాలంలో ఈ పలకమీది బుట్టకు అసలు ప్రమాదం వస్తుంది. అక్టోబరు తుఫాన్లు ఈ తీరానికి కొత్త కాదు: 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతంలో తీరం దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తింది. అలాంటి వానలో తేలిన డబ్బాలూ సంచులూ కాలువ మలుపులో, పలకల అడుగున ఇరుక్కుంటాయి. నీరు వెనక్కి తన్ని అరుగులెక్కుతుంది. పలకలు ఎత్తకుండా ఆ అడ్డును తీయడం కుదరదు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు పడవలు తీరానికి రమ్మని చాటింపు వేసినట్టే, బుట్టలు లోపల పెట్టుకోమని వార్డుల్లో చెప్పడం పెద్ద శ్రమేమీ కాదు.

ఇంగ్లండులో 1990 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం 46వ సెక్షన్ ఈ సందిగ్ధాన్ని పరిష్కరించిన తీరు గమనించదగ్గది. బుట్ట ఎలాంటిదో, ఎక్కడ పెట్టాలో నిర్దేశించే అధికారం స్థానిక సంస్థకు ఇస్తూనే, రహదారి మీద పెట్టమనాలంటే ముందు రహదారి అధికారి సమ్మతి ఉండాలనీ, అలా పెట్టినందువల్ల ఎవరికైనా నష్టం జరిగితే బాధ్యత ఎవరిదో ముందే తేల్చి ఉండాలనీ అది షరతు పెట్టింది. 2015లో మరో సవరణ ద్వారా ఇంటి బుట్టకు సంబంధించిన చిన్నతప్పులను నేరాల జాబితా నుంచి తొలగించి, హెచ్చరిక ఇచ్చాక మాత్రమే, అది కూడా పరిసరాలకు నిజంగా ఇబ్బంది కలిగినప్పుడే, జరిమానా వేయాలన్నారు. మన ఉపనిబంధనలు కాలువ పలక గురించి ఇంతపాటి స్పష్టత ఇస్తే చాలు. ఉదయం ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు మూతపెట్టిన బుట్ట పలకమీద ఉండవచ్చు, ఆ వేళలో దొర్లితే తప్పు ఇంటివాడిది కాదు, ఆ వేళ దాటి ఉంటే అతనిదే అని రాయడానికి నాలుగు పంక్తులు చాలు.

డబ్బులేదన్న సాకు ఇక్కడ నిలవదు. రత్లాం మునిసిపల్ కౌన్సిల్ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు, ప్రజారోగ్యానికి సంబంధించిన చట్టబద్ధ బాధ్యతను నిధుల కొరత చూపి తప్పించుకోవడం కుదరదని తేల్చింది. అప్పటి నేరవిచారణ స్మృతిలోని 133వ సెక్షన్ కింద కాలువల దుర్గంధం తొలగించాలని పట్టణ పౌరులు కోరగా వచ్చిన తీర్పది. ఇప్పుడు అదే అధికారం భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్‌లో ఉంది.

బండి వేళ

చోటు గురించిన వాదన అంతా చివరికి వేళ దగ్గరికి చేరుతుంది. బండి రోజూ ఒకే సమయానికి, పావుగంట అటూ ఇటూగా వస్తుందన్న నమ్మకం ఉంటే, బుట్ట బయట ఉండవలసింది పది నిమిషాలే. మిగతా సమయమంతా అది నడవలో, మెట్ల కింద, పెరట్లో, ఎక్కడైనా ఉండవచ్చు. గడపమీద ముగ్గు చెడదు, పలకమీదికి ఆవు రాదు. ఆ నమ్మకం లేకపోతే ఇల్లాలు బుట్టను పొద్దున్నే బయటపెట్టి తన పని చూసుకుంటుంది, అది మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటుంది. మగ్గం మీద కూర్చున్న మనిషి బండి ఈల వినిపించినప్పుడు పోగు వదిలి లేచి వచ్చేలోపు బండి మలుపు తిరిగిపోతుంది. తాళంవేసి అందరూ దుకాణాలకూ బడులకూ వెళ్లిపోయే ఇళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ ఇళ్ల సంచులే సాయంత్రం తొట్టె తీసేసిన పాత మలుపులో, గోడమీది బొమ్మల కింద తేలతాయి.

ఒడిశా పట్టణాల్లో ఈ పనిని నడిపించే అమరిక పొరుగు రాష్ట్రాలకన్నా కొన్ని విషయాల్లో మెరుగ్గా ఉంది. మహిళా సంఘాల నుంచి ఎంపికైన స్వచ్ఛ సాథీలు వార్డుల్లో ఇళ్లకు తిరిగి తడి పొడి వేరుచేయడం నేర్పుతారు. బ్యాటరీ బండ్లు సన్నని వీధుల్లోకి వెళతాయి. చెత్త ఊరిబయటి ఒక్క గుట్టకు కాక వార్డులకు దగ్గర్లోని చిన్న ఎరువు కేంద్రాలకూ ఏరివేత కేంద్రాలకూ చేరుతుంది. ఎరువును ‘మో ఖత’ పేరుతో అమ్ముతారు. కేంద్రం దగ్గర్లో ఉన్నందువల్ల బండి ఒక ఉదయంలో రెండు విడతలు తిరగగలదు. కాబట్టి మగ్గాల వీధికీ ఉద్యోగుల వీధికీ వేరువేరు వేళలు పెట్టడం ఈ అమరికలో సాధ్యమే. ఆ వేళలు నిర్ణయించే మాట స్వచ్ఛ సాథీకి దక్కితే అది ఇంకా నయం, ఏ వీధిలో ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారో ఆమెకు తెలిసినంతగా కార్పొరేషన్ కార్యాలయానికి తెలియదు.

మేడమీద అద్దెకున్నవారి పరిస్థితి వేరు. కింద ఇంటియజమాని అరుగు, అక్కడ వారి బుట్ట పెట్టనివ్వడు. నిబంధన దృష్టిలో చెత్తను పుట్టించేవాడే బాధ్యుడు కాబట్టి జరిమానా అద్దెవాడికి వస్తుంది, చోటు ఇచ్చే అధికారం యజమాని చేతిలో ఉంటుంది. ఇల్లు అద్దెకిచ్చేవాడు ప్రతి వాటాకూ బుట్టచోటు చూపాలన్న ఒక్క వాక్యం ఉపనిబంధనలో ఉంటే ఈ తగవు సగం తీరుతుంది.

బరంపురం ఇళ్లలో తయారయ్యే అప్పడాలూ వడియాలూ పచ్చళ్లూ దూరప్రాంతాలకు పోతాయి. వేసవిలో మాగాయ కోసే ఇంట్లో మామిడితొక్కా టెంకలూ ఇంటి బుట్టలో ఒకనాటికీ పట్టవు. అది ఇంటి చెత్తా, వ్యాపారపు చెత్తా? 2016 నిబంధనల లెక్కలో రోజుకు సగటున వంద కిలోలు దాటితేగానీ ఎవరూ భారీ ఉత్పత్తిదారు కారు. దుకాణం బోర్డు లేదు కాబట్టి వ్యాపారస్థలమూ కాదు. ఆ రెండు నెలలకు వీధికొక తాత్కాలిక తడిచెత్త డబ్బా పెట్టడం, రోజూ రెండో విడతలో ఎత్తడం తప్ప దీనికి వేరే దారి కనిపించదు. పెళ్లిపందిళ్లకు చట్టం కొంత మెరుగైన జవాబిచ్చింది: అనుమతిలేని చోట వందమందికి మించి చేరే వేడుక చేసేవారు కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలి. అడ్డాకు విస్తళ్లయితే ఎరువు కేంద్రానికి పోతాయి, థర్మకోల్ కంచాలు ఎక్కడికీ పోవు.

తెలియజెప్పే భాష

వేళలూ చోట్లూ ఎంత బాగా నిర్ణయించినా తెలియజెప్పే భాష కుదరకపోతే వృథా. బండి మీది మైకు ఒడియాలో చెబుతుంది, వార్డులో అతికించే కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. పాత వీధుల తెలుగు ఆడవాళ్లు ఒడియా చక్కగా మాట్లాడతారు, వింటారు. పెద్దవయసువారిలో చదవలేనివారు ఎక్కువ. మైకులో వినేది రోజూ ఒకే పాట కాబట్టి వేళల్లో వచ్చే కొత్త మార్పు చెవికెక్కదు. ఒక పట్టణంలోగానీ తాలూకాలోగానీ 15 శాతానికి తగ్గకుండా ఉన్న భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ముఖ్యమైన నిబంధనలనూ ప్రకటనలనూ వారి భాషలో ప్రచురించాలన్నది జాతీయ స్థాయిలో అంగీకరించిన రక్షణల్లో ఒకటి. అమలును రాజ్యాంగం 350-బి అధికరణం కింద నియమితుడైన కమిషనర్ పరిశీలిస్తారు. ఆ శాతం ఏ వార్డులో ఎంతన్న లెక్కల జోలికి పోకుండానే, తెలుగు ఇళ్లున్న వీధుల్లో అప్పగింత వేళల కాగితాన్ని తెలుగులో కూడా అతికించడం స్వచ్ఛ సాథీ చేతిలో ఉన్న పని.

సరిహద్దుకు ఇవతలా అవతలా బంధుత్వాలున్న కుటుంబాల్లో మరో గందరగోళం ఉంది. బరంపురానికి దక్షిణాన సరిహద్దు దాటి ఇచ్ఛాపురం చేరితే పద్ధతి వేరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 అక్టోబరు 2న మొదలుపెట్టిన కార్యక్రమంలో పట్టణ కుటుంబాలకు ఆకుపచ్చ, నీలం, ఎరుపు రంగుల మూడేసి బుట్టలు పంచి, నెలనెలా రుసుము విధించింది. జనం దాన్ని చెత్తపన్ను అన్నారు, 2024లో అది రద్దయింది. ఆ కబురు పర్లాకిమిడిలోనూ గుణుపురంలోనూ చేరి, ఇక్కడా రుసుము కట్టనక్కర్లేదన్న అపోహ పుట్టడానికి వీలుంది. రుసుము పెట్టడమా మానడమా అన్నది ఆయా రాష్ట్రాల నిర్ణయం. అయితే రుసుము అడిగే సంస్థ, ఇంటివాడికి బదులుగా ఇవ్వవలసింది నిర్ణీత వేళ. నెలలో ఇన్ని రోజులకు మించి బండి రాకపోతే ఆ నెల రుసుము ఉండదన్న షరతు రసీదు మీదే ముద్రిస్తే, వసూలు చేయడానికి వచ్చినవారికి గుమ్మం దగ్గర వాదన తగ్గుతుంది.

2026 నిబంధనల కింద ప్రతి పట్టణమూ తన ఉపనిబంధనలను ఎలాగూ తిరగరాసుకోవాలి. ఆ రాతలో పట్టణమంతటికీ ఒకే నియమం పెట్టకుండా వీధి తీరును బట్టి పెట్టడం మేలు. ప్రహరీ ఉన్న ఇళ్లకు గేటులోపల. అపార్టుమెంట్లకు కింది అంతస్తులో. గోడకు గోడ ఆనిన పాత వీధులకు నిర్ణీత వేళలో కాలువ పలకమీద, మిగతా వేళల్లో ఇంటిలోపల. బ్యాటరీ బండి కూడా దూరలేని సందులకు మాత్రం సందు మొదట్లో తాళంవేసిన ఉమ్మడి డబ్బా, దాని తాళంచెవి ఆ సందులోని సంఘం సభ్యురాలి దగ్గర.